చచ్చిపోని చెరువు

తెలుగులో చెరువు గురించి రాసేవాళ్లకు రెండే చెరువులు తెలుసు. ఒకటి చిన్నప్పటి చెరువు. ఇంకోటి చచ్చిపోయిన చెరువు. మొదటిదాంట్లో తామరలుంటాయి, ఈతలుంటాయి, బర్రెలుంటాయి, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఉంటుంది. రెండోదాంట్లో గుర్రపుడెక్క, నురగ, శిఖం భూమిలో పాతిన వెంచర్ బోర్డు. కవిత మొదటి సగంలో మొదటి చెరువు, రెండో సగంలో రెండో చెరువు, చివర్లో చెరువుని చంపేశారనే అర్థం వచ్చే పాదం ఒకటి. ఈ పద్ధతిలో మంచి కవితలు వచ్చాయి, కాదనను. కానీ ఈ చావు రూపకం మనల్ని ఏం చూడనివ్వడం లేదో అడగాల్సిన టైమ్ వచ్చిందనిపిస్తోంది.

ధర్మసాగర్ చెరువు ఈ రెండు మూసల్లో దేనికీ సరిపోదు. హనుమకొండ, కాజీపేట దాటి కొంత దూరం పోతే వస్తుంది. దేవాదుల ఎత్తిపోతల పథకం కింద గంగారం దగ్గర ఎత్తిన గోదావరి నీళ్లు భీంఘనపూర్, పులుకుర్తి మీదుగా పైపుల్లో ప్రయాణం చేసి ఇందులోకి వచ్చి పడతాయి. ఇక్కణ్నుంచి మళ్లీ ముందుకెళ్తాయి. వడ్డేపల్లి, భద్రకాళి చెరువులతో పాటు వరంగల్ నగరం తాగే నీళ్లకు ఇదొక ఆధారం. అంటే ఇది జ్ఞాపకమూ కాదు, శవమూ కాదు. రోజూ డ్యూటీలో ఉన్న చెరువు. డ్యూటీలో ఉన్నవాళ్ల మీద ఎవరూ స్మృతిగీతాలు రాయరు కదా. ధర్మసాగర్ లాంటి చెరువులు మన సాహిత్యంలో పెద్దగా కనపడకపోవడానికి అదొక కారణమనుకుంటా. తామరలూ సరిపోను లేవు, నురగా సరిపోను లేదు.

పేచీ అంతా 'చచ్చిపోయింది' అనే మాటతో. మనం ఆ మాట ఎప్పుడు వాడతాం? చేపలు తేలినప్పుడు. దిగి స్నానం చేయలేనప్పుడు. ముక్కు మూసుకుని బండి వేగం పెంచినప్పుడు. అంటే మనకు పనికిరాకుండా పోయినప్పుడు. చెరువు అడుగున ఉన్న బురదని అడిగితే దాని కథ వేరు. ఒక చెంచాడు చెరువు బురదలో ఉండే బ్యాక్టీరియా సంఖ్య రెండు తెలుగు రాష్ట్రాల జనాభాకంటే ఎక్కువ. చెరువు 'చచ్చిపోయిన' రోజున ఆ సంఖ్య సున్నాకి పడిపోదు. చాలాసార్లు పెరుగుతుంది కూడా. మారేది ఎంతమంది ఉన్నారన్నది కాదు. ఎవరు ఉన్నారు, ఏం తింటున్నారు, దేంతో ఊపిరి తీస్తున్నారు, ఒకరికొకరు ఏం అందించుకుంటున్నారు అన్నది.

1776 నవంబర్‌లో అలెస్సాండ్రో వోల్టా అనే ఇటలీ ఆయన, తర్వాత బ్యాటరీ కనిపెట్టిన మనిషే, మజ్జోరే సరస్సు అంచున కర్రతో బురదని కెలికి, పైకొచ్చిన బుడగల్ని సీసాలో పట్టి, అగ్గి తగిలిస్తే మండుతుందని చూశాడు. అది మీథేన్. మన ఊళ్లలో చెరువులో దిగి కాలితో అడుసు కెలికిన పిల్లలందరికీ ఆ బుడగలు తెలుసు. ఎవరూ సీసాలో పట్టలేదంతే. ఆ బుడగ చెరువు అడుగున ఒక జీవి వదిలిన ఊపిరి అని తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

అడుగున జరిగేది ఇది. బురద పైపొరలో, అదీ కొన్ని మిల్లీమీటర్ల మేరే, ఆక్సిజన్ ఉంటుంది. అక్కడి బ్యాక్టీరియా మనలాగే ఆక్సిజన్‌తో బతుకుతుంది. ఆ కిందకి పోతే ఆక్సిజన్ అయిపోతుంది. కాబట్టి అక్కడివాళ్లు నైట్రేట్‌తో ఊపిరి తీస్తారు. ఇంకా కింద మాంగనీస్‌తో, ఇనుముతో. ఇంకా కింద సల్ఫేట్‌తో. అదీ అయిపోయిన చోట మీథేన్ చేసేవాళ్లు ఉంటారు. వాన నీళ్లతో పాటు చుట్టుపక్కల చెల్క నేలల ఎర్రమట్టి చెరువులోకి వస్తుంది. ఆ ఎరుపు తుప్పుపట్టిన ఇనుముది. అడుగుకు చేరాక ఇనుముతో ఊపిరి తీసే బ్యాక్టీరియా ఆ తుప్పుని విప్పేస్తుంది. సల్ఫేట్‌తో బతికేవాళ్లు వదిలిన సల్ఫైడ్‌తో అది కలిసి నల్లబడుతుంది. చెల్కలో ఎర్రగా ఉన్న మట్టి చెరువులో నల్లగా ఎందుకుందంటే మధ్యలో ఎవరో దాన్ని పీల్చి వదిలారు కాబట్టి. కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా వాళ్లదే. మనం మురికి అనుకున్న నలుపు నిజానికి శ్వాస తాలూకు మరక.

ఇప్పుడు ఇందులోకి ఊరి డ్రైనేజీ కలిపారనుకోండి. బ్యాక్టీరియాకి అది విషం కాదు, విందు. తిండి ఒక్కసారిగా పెరగడంతో పైపొరలో ఆక్సిజన్ కొన్ని మిల్లీమీటర్ల నుంచి దాదాపు ఏమీ లేని స్థితికి వస్తుంది. ఆక్సిజన్‌తో నిదానంగా, పొదుపుగా పని చేసుకునే జాతులు తగ్గిపోతాయి. పులియబెట్టేవాళ్లు, సల్ఫేట్‌వాళ్లు, మీథేన్‌వాళ్లు పైకొస్తారు. ఇక్కడో తిరకాసు ఉంది. ఆక్సిజన్ ఉన్నంతకాలం ఆ ఎర్ర తుప్పు భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. తుప్పు కరిగితే భాస్వరం మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. దాన్ని తిని నాచు పెరుగుతుంది, నాచు చచ్చి అడుగుకు చేరుతుంది, ఆక్సిజన్ ఇంకా పోతుంది. డ్రైనేజీ పైపుని మళ్లించి, ప్రారంభోత్సవం చేసి, శిలాఫలకం వేసిన తర్వాత కూడా చెరువు ఏళ్ల తరబడి పచ్చగానే ఉండడానికి కారణం ఇదే. పైన మనం ఆపేశాం. కింద పాత బాకీ నడుస్తూనే ఉంది.

పొలాల నుంచి వచ్చేదాని కథ ఇంకొంచెం వేరు. వరంగల్ చుట్టుపక్కలంతా పత్తి సీమ. పత్తికి విరివిగా కొట్టిన ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. ఇలాంటి మందులు నీళ్లలో తేలుతూ ఉండవు, మట్టి రేణువులకు అంటుకుని చెరువు అడుగుకు చేరతాయి. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి, నిజమే. కానీ విరిగాక వచ్చే ఎండోసల్ఫాన్ సల్ఫేట్ కూడా దాదాపు అంతే విషం, పైగా ఇంకా ఎక్కువకాలం ఉంటుంది. ప్రకృతి అన్నిటినీ శుభ్రం చేసుకుంటుంది అని మనం రాసుకునే వాక్యాలకు ఇదొక జవాబు. బ్యాక్టీరియా మన పారిశుధ్య కార్మికులు కాదు. వాటి బతుకు అవి బతుకుతుంటాయి. మనకు మేలు జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు.

ఈ అడుగు ప్రపంచం గురించి తెలుగు నేల మీద పుట్టిన అతి ముఖ్యమైన రచన ఏదీ అని అడిగితే నేను తెలుగు పుస్తకం ఏదీ చెప్పలేను. రెండు ఇంగ్లిష్ పరిశోధనా పత్రాలు చెబుతాను. వాటిల్లో ఉన్నది పటాన్‌చెరువు ప్రాంతం. పేరులోనే చెరువుంది, గమనించండి. పటాన్‌చెరువు నుంచి ధర్మసాగర్‌కి దారి ఉందా అంటే పటం మీద ఉంది. ఇసుకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తాయి. ఆ గోదావరిని చాలా కిందకి వెళ్లాక దేవాదుల దగ్గర ఎత్తి ధర్మసాగర్‌కి పంపుతున్నాం. అంత దూరంలో, అన్ని ఉపనదుల మధ్య అది ఎంతగానో పలచబడుతుంది. పటాన్‌చెరువు మురికిని ధర్మసాగర్‌కి అంటగట్టడం నా ఉద్దేశం కాదు. తెలంగాణలో చెరువు అడుగుని అంత దగ్గరగా చదివిన చోటు అది, అందుకే అక్కడికి వెళ్లాలి.

కథ 2007లో మొదలైంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరువులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే ఉమ్మడి కర్మాగారం నుంచి బయటికొచ్చే నీళ్లని పరీక్షించింది. శుద్ధి 'అయిన' నీళ్లు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మనం జ్వరాలకీ విరేచనాలకీ వేసుకునే సిప్రోనే. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఆ మురుగులోనే ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోలు బయటికి పోతోందని లెక్క తేలింది. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రో అంత. రెండేళ్ల తర్వాత అదే ప్రాంతంలో చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందుల అవశేషాలు దొరికాయి. బావి నీళ్లలో సెట్రిజిన్! జలుబు లేనివాళ్లకు కూడా.

నేను చెప్పిన రెండు పత్రాలు నీళ్ల గురించినవి కావు. బురద గురించినవి. 2011లో వచ్చిన మొదటిదాంట్లో ఇసుకవాగు అడుగు మట్టిని, శుద్ధి కర్మాగారానికి ఎగువనా దిగువనా, తీసుకెళ్లి అందులోని డీఎన్‌ఏని మొత్తంగా చదివారు. దిగువ బురదలో సేంద్రియ పదార్థం కిలోకి 914 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉంది. దాదాపు రెండు 500 మాత్రలు. అయినా ఆ బురద నిర్జీవంగా లేదు. అందులో యాంటీబయాటిక్‌లని తట్టుకునే జన్యువులు విపరీతంగా ఉన్నాయి. వాటిని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియాకి మోసుకెళ్లే ప్లాస్మిడ్‌లు కూడా ఉన్నాయి, అంతకుముందు ఎవరూ చూడనివి రెండు సహా. 2014లో వచ్చిన రెండో పత్రం కాజిపల్లి చెరువు అడుగు మట్టిది. అక్కడ 81 రకాల నిరోధక జన్యువులు దొరికాయి. పోలిక కోసం తీసుకున్న స్వీడన్ చెరువులో దొరికినవి 8. పరిమాణంలో తేడా దాదాపు 7000 రెట్లు.

ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా లోపల విడిగా తిరిగే చిన్న డీఎన్‌ఏ ఉంగరం. పెళ్లి, సంతానం, వంశం ఏవీ అక్కర్లేదు. పక్కనున్న జాతికి, అసలు చుట్టరికమే లేని జాతికి కూడా ఇచ్చేయొచ్చు. చెరువు బురద లాంటి ఇరుకు చోట, అందరూ ఒకరినొకరు ఒరుసుకుని బతికేచోట, ఇది రచ్చబండ మీద కబురు పాకినట్టు పాకుతుంది. మనకు ఏ హానీ చేయని ఒక మట్టి బ్యాక్టీరియా నేర్చుకున్నది రేపు టైఫాయిడ్ చేసే బ్యాక్టీరియాకి అందొచ్చు. అందుతుందని గ్యారంటీ లేదు. అందకుండా ఆపే గోడ కూడా లేదు. ఆ రెండు పత్రాలు రుజువు చేసింది ఆ అవకాశం ఎంత పెద్దదో.

కాబట్టి కాజిపల్లి చెరువుని 'చచ్చిపోయిన చెరువు' అనడం వట్టి అతిశయోక్తి కాదు, తప్పుడు సమాచారం. అది చావలేదు. మన మందుల షాపు మొత్తాన్ని చదివేసి కూర్చుంది. చావు రూపకంలో మనకొక సౌకర్యం ఉంది: శవానికి దండ వేసి ఇంటికెళ్లిపోవచ్చు. ఈ చెరువు అలా పోనివ్వదు, మన మందుల్నించి నేర్చుకున్నది తన దగ్గరే పెట్టుకుని ఉంది.

అలాగని పత్రికలు దీన్ని చెప్పిన తీరు కూడా నాకు నచ్చదు. 'సూపర్‌బగ్' అనగానే జానపద సినిమాలో రాక్షసుడి ఎంట్రీ మ్యూజిక్ వినపడుతుంది. హైదరాబాద్ మురుగులోంచి లేచిన మహమ్మారి, ప్రపంచానికి ముప్పు, వగైరా. కానీ నిరోధక జన్యువులు మనం కనిపెట్టినవి కావు, పటాన్‌చెరువులో పుట్టినవీ కావు. 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన మట్టిలో కూడా ఉన్నాయని 2011లోనే తేలింది. మట్టి బ్యాక్టీరియా ఒకదాన్నొకటి ఆపుకోవడానికి యాంటీబయాటిక్‌లు చేసుకుంటుంది, వాటిని తట్టుకునే దారులూ వెతుక్కుంటుంది. అది పాత బేరసారం. మనం చేసింది ఆ బేరంలోకి కిలోల కొద్దీ సరుకు గుమ్మరించడం. ఇందులో విలన్ బ్యాక్టీరియా కాదు. రాక్షసుడి కథగా చెబితే గుమ్మరించినవాడు తెరమీదకి రాడు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుని ఇక్కడ తలచుకోవాలి. ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ని బయటికి తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948లో లోకానికి తెలిసింది, అదే ఏడాది సుబ్బారావు పోయాడు. మట్టిలోని ఒక జీవి తన పొరుగువాళ్ల కోసం చేసుకున్నది మనకు మందయింది. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చింది, దాని చుట్టూ మందుల పరిశ్రమ పెరిగింది, చౌక మందులు ప్రపంచమంతా పోయాయి. అది చిన్న సంగతి కాదు, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. ఆ తర్వాత అప్పు తీర్చినట్టు మందుని మళ్లీ మట్టికే ఇచ్చేశాం, అడగకుండా. ఈ ఒక్క వలయంలో ఒక పెద్ద తెలుగు నవలకు సరిపడా సరుకుంది. సుబ్బారావు మీద వచ్చేవి మాత్రం 'మహనీయుల జీవితాలు' బాపతు పుస్తకాలే.

పరిశోధనా పత్రాన్ని సాహిత్యంగా చదివితే దాని లోపమూ కనపడుతుంది. అంతా కర్మణి ప్రయోగం: నమూనా సేకరించబడింది, భద్రపరచబడింది, విశ్లేషించబడింది. ఎవరి చెరువు, ఎవరు అక్కడ వలేసేవాళ్లు, ఎప్పటినుంచి మానేశారు, ఏమీ ఉండదు. మన కవితలో మనుషులుంటారు, బురద ఉండదు. ఆ పత్రంలో బురద ఉంటుంది, మనుషులుండరు. పటాన్‌చెరువులో డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటివాళ్లు దశాబ్దాలు పోరాడిన చరిత్ర ఈ రెంటికీ మధ్య ఎక్కడో జారిపోయింది.

మూడో రకం రచన కూడా ఉంది, ప్రభుత్వ గెజిట్. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ఇచ్చింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో 121 యాంటీబయాటిక్‌లు ఎంతవరకు ఉండొచ్చో అందులో పరిమితులు పెట్టారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక లేదు. తీసేశారు. ఎడిటింగ్ గురించి మాట్లాడుకునేవాళ్లం కదా మనం, ఏ పాదం కొట్టేస్తే కవిత ఎలా మారుతుందని. గత పదేళ్లలో మన నేల మీద అత్యంత ప్రభావం చూపిన కొట్టివేత బహుశా ఇదే. దాని మీద ఒక్క సాహిత్య సభ కూడా జరగలేదని విచారపడను గానీ, భాషతో పనిచేసేవాళ్లకు ఇది తమ సబ్జెక్ట్ అనిపించకపోవడం మాత్రం వింతే.

భాష దగ్గరికే వద్దాం. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. 46,531 చెరువుల్ని బాగుచేయాలని లక్ష్యం. కట్టలు, తూములు, మత్తళ్లతో పాటు ప్రధానమైన పని పూడికతీత. తీసిన మట్టిని రైతులు తమ పొలాలకు తోలుకున్నారు. ఇది పాత పద్ధతే. ఎండాకాలం చెరువు ఎండితే బండ్లు కట్టి మట్టి తోలడం మన తాతలకు తెలిసిన సేద్యం. చెల్క నేలకు ఆ మట్టి నిజంగా బలం. బంక ఉంటుంది, కర్బనం ఉంటుంది, తేమ నిలుపుతుంది, కోటానుకోట్ల జీవులూ ఉంటాయి. ఈ పథకం మీద రాజకీయంగా ఎవరికెన్ని మాటలున్నా, ఆ మట్టి పొలానికి చేరడం మంచి సంగతే అంటాను.

కానీ ఆ 'పూడిక' అనే మాట చూడండి. పూడిపోవడం లోంచి వచ్చింది. అడ్డుపడింది, నింపేసింది, తీసేయాల్సింది అని ఆ మాటలోనే ఉంది. అది నీటి నిల్వని లెక్కపెట్టే ఇంజనీరు మాట. అతని లెక్కలో పూడిక ఉన్నంత మేర నీళ్లు లేవు. 'ఒండ్రు' అనే ఇంకో మాట ఉంది మనకు. అది రైతు మాట. వరద తెచ్చి ఇచ్చింది అని అర్థం. ఒకే మట్టి, ఒకరికి నష్టం, ఒకరికి కానుక. పథకానికి ఇంజనీరు మాట దొరికింది, మట్టి మాత్రం రైతుకి పోయింది. మామూలు పల్లె చెరువు విషయంలో ఈ తేడా పెద్దగా బాధించదు. పై నుంచి పొలాల నీళ్లే వస్తాయి కాబట్టి ఏ మాటన్నా ఒకటే.

నగరం పక్క చెరువు దగ్గర తేడా వస్తుంది. వరంగల్ నడిబొడ్డున ఉన్న భద్రకాళి చెరువుని పూడిక తీయడానికి 2024 చివర్లో ఖాళీ చేశారు. కాకతీయుల కాలం నాటి చెరువు, ఎన్నో ఏళ్లుగా చుట్టూ పెరిగిన కాలనీల మురుగు కూడా అందుకున్న చెరువు. అక్కడి అడుగు మట్టినీ, ఏదో తండా పక్కన కుంటలోని అడుగు మట్టినీ మనం ఒకే మాటతో పిలుస్తాం. ఒకే జేసీబీ తవ్వుతుంది, ఒకే ట్రాక్టర్ మోస్తుంది. నగరం మురుగు తాగిన మట్టిలో లోహాలు ఉండొచ్చు, మందుల అవశేషాలు ఉండొచ్చు, వాటికి అలవాటుపడిన జీవులుండొచ్చు. పైగా చీకట్లో, ఆక్సిజన్ లేకుండా సల్ఫైడ్‌తో కట్టిపడేసినట్టున్న లోహాలు, తవ్వి ఎండకి ఆరబోస్తే మళ్లీ విడివడతాయి. మట్టి తోలేముందు భూసార పరీక్ష చేయిస్తాం, నత్రజని ఎంత, భాస్వరం ఎంత, పొటాష్ ఎంత అని. ఇందులో ఎవరున్నారు అన్న ప్రశ్నకి ఆ కార్డులో గడి లేదు. తాగునీటికి మనకున్న జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 కూడా నీళ్లనే చూస్తుంది, ఆ నీళ్లు ఏ మట్టి మీద పడుకుని లేచాయో చూడదు. ధర్మసాగర్ లాంటి తాగునీటి చెరువుకి ఈ గడి అన్నిటికంటే ముందు కావాలి. పాడయ్యాక పరీక్షిస్తే కాజిపల్లి పత్రం లాంటిది ఇంకోటి వస్తుంది. బాగున్నప్పుడు పరీక్షిస్తేనే పోల్చుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. కాజిపల్లిని పోల్చడానికి స్వీడన్ దాకా వెళ్లాల్సి వచ్చిందంటే ఆలోచించండి.

లోహాల మాటొచ్చింది కాబట్టి ఒక పక్క సంగతి. చెరువుకి మనం ఇచ్చే పండుగలు రెండు. బతుకమ్మ తంగేడు, గునుగు, బంతి. అడుగున బ్యాక్టీరియా వారాల్లో తినేస్తుంది. వినాయకుడు, అదీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసి రసాయన రంగులేసిన వినాయకుడు, సీసం, క్రోమియం లాంటివి వదిలి వెళ్తాడు. వాటిని ఎవరూ తినలేరు. లోహాల్ని తట్టుకునే జన్యువులు, యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువులు తరచూ ఒకే ప్లాస్మిడ్ మీద పక్కపక్కన ఉంటాయి. ఒకదానికి ఒత్తిడి వస్తే రెండూ బలపడతాయి. అంటే మందుల ఫ్యాక్టరీ లేని ఊళ్లో కూడా రంగు డబ్బా ఆ పని కొంత చేసిపెట్టగలదు.

మళ్లీ సాహిత్యానికి. తెలంగాణ కవితా సంకలనం ఒకదానికి 'మత్తడి' అని పేరు పెట్టారు. అందమైన పేరు. కానీ మత్తడి అంటే చెరువు నిండి పొర్లే చోటు, మిగులు నీళ్లు దుంకే చోటు. మన చూపు ఎప్పుడూ అక్కడే ఉంది, పైన. చంద్రలత 'రేగడివిత్తులు' మట్టిని నవల మధ్యలోకి తెచ్చింది, కోస్తా నుంచి తెలంగాణ నల్లరేగడికి వచ్చిన పత్తిరైతుల కథతో. అయితే అది చేను మట్టి. చెరువు మట్టి కాదు. చెరువు కవితలు చదువుతున్నప్పుడు కవి ఎక్కడ నిలబడి చూస్తున్నాడో గమనించండి. దాదాపు ఎప్పుడూ కట్ట మీదే.

చెరువు లోపల నిలబడ్డవాళ్లు వేరే ఉన్నారు. కుమ్మరికి ఏ మూలన తీస్తే కుండకు పనికొచ్చే బంకమట్టి దొరుకుతుందో తెలుసు, ఏ మూల మట్టి కాల్చితే పగులుతుందో తెలుసు. ముదిరాజులకీ బెస్తలకీ పాదం దిగే లోతుని బట్టి, వాసనని బట్టి కింద ఏముందో తెలుసు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అడుగున గాలి అయిపోయిందని కూడా తెలుసు. చాకలివాళ్లకి ఏ రేవులో నీళ్లు ఎప్పటినుంచి జిగటబడ్డాయో తెలుసు. ఇదంతా సూక్ష్మజీవుల గురించిన తెలివే, ఆ పేరు లేకుండా. బురదలో దిగే పని ఎవరికి పడిందో ఆ తెలివి వాళ్ల దగ్గరే ఉండిపోయింది. కట్ట మీద నిలబడ్డవాళ్లకి తామరలు దొరికాయి. మన చెరువు సాహిత్యంలో బురద లేకపోవడం సైన్సు రాకపోవడం వల్ల మాత్రమే కాదు. కులం వల్ల కూడా.

అయితే ఒకే ఒక్క చోట ఆ బురద మన భాషలోకి, కట్ట మీదవాళ్ల భాషలోకి కూడా, దర్జాగా వచ్చేసింది. తొలకరి వానకి లేచే మట్టివాసన. దాని మీద రాయని తెలుగు కవి ఉంటాడా? ఆ వాసన జియోస్మిన్ అనే అణువుది. దాన్ని చేసేవి ముఖ్యంగా స్ట్రెప్టోమైసిస్ లాంటి మట్టి బ్యాక్టీరియా. చెరువులో అదే అణువుని నీలి ఆకుపచ్చ నాచు కూడా చేస్తుంది, మురుగు పెరిగితే ఇంకా ఎక్కువ చేస్తుంది. నీళ్లలో లీటరుకి పది నానోగ్రాములున్నా మన ముక్కు పట్టేస్తుంది. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు కుళాయి నీళ్లకొచ్చే మట్టివాసన అదే కావచ్చు. చేప కొనేటప్పుడు 'బురద వాసనొస్తుందా' అని మనం అడిగేది కూడా దాని గురించే. బొచ్చె ముక్కల్ని ఇంటికి తెచ్చి ఉప్పూ పసుపూ పట్టించి, నిమ్మకాయ పిండి, రెండుమూడు నీళ్లు మార్చి కడుగుతాం కదా. ఆ పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది.